మూడో వంతు కారు కిస్సా

2012లో జేమ్స్ బాండ్ సినిమా 'స్కైఫాల్' చూసిన వాళ్ళకి ఆ సీన్ యాద్ ఉంటుంది. స్కాట్లాండ్‌లో ఒక పాత హవేలీ ముందు వెండి రంగు ఆస్టన్ మార్టిన్ డీబీ5 నిలబడి ఉంటుంది. హెలికాప్టర్ నుంచి గుళ్ళ వాన కురుస్తుంది, కారు జల్లెడైపోయి చివరికి పేలిపోతుంది. హాల్లో నా పక్కన కూర్చున్న దోస్త్ తల పట్టుకున్నాడు. "హాయ్ అల్లా, గాడీ గయీ!" అన్నాడు. వాడికి కార్ల పిచ్చి. అలాంటి కార్లు దునియాలో వెయ్యికి కాస్త ఎక్కువే తయారయ్యాయని, ఒక్కోదాని ఖరీదుతో మా గల్లీ మొత్తం కొనొచ్చని ఇంటర్వెల్లోనే చెప్పాడు.

ఫికర్ అవసరం లేదు. పేలింది అసలు కారు కాదు, నకలు. మూడో వంతు సైజులో తయారు చేసిన బొమ్మ. దాన్ని చెక్కింది మనిషి చెయ్యి కాదు, ఒక మెషీన్ పొర మీద పొర పేర్చి అచ్చు వేసింది.

ఈ కిస్సా వెనక వంద ఏళ్ళ తారీఖ్ ఉంది. అందులో మా మామూజాన్ లాంటి కారీగర్ల రోజీ కూడా ఉంది కాబట్టి ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

చేత్తో చేసిన అసల్

ముందు అసలు కారు సంగతి చూద్దాం. డీబీ5ని 1963 నుంచి 1965 దాకా ఇంగ్లండ్‌లోని న్యూపోర్ట్ పాగ్నెల్ కార్ఖానాలో తయారు చేశారు. 1964లో 'గోల్డ్‌ఫింగర్' సినిమాలో బాండ్ నడిపాక దాని పేరు దునియా అంతా పాకింది. దాని ఒళ్ళు కట్టే తరీఖా ఇటలీలోని మిలాన్ నగరపు టూరింగ్ అనే కారొఖానాది. పేరు 'సూపర్‌లెజెరా', అంటే చాలా తేలికైనది. సన్నని ఉక్కు గొట్టాలతో ముందు పంజరం కడతారు. దాని మీద అల్యూమినియం రేకుల్ని సుత్తితో కొట్టి, చక్రాల మధ్య నొక్కి, వంపు తెచ్చి తొడుగుతారు. ఒక కారు రేకు ఇంకో కారుకి హూబహూ సరిపోతుందన్న గ్యారంటీ లేదు. కారీగర్ కంటి అందాజా ప్రకారం వంపు కాస్త ఇటో అటో ఉంటుంది.

అంటే అసల్ చేతిపని, నకల్ మెషీన్ పని. మామూలుగా మనం దీన్ని ఉల్టా అనుకుంటాం కదా, అందుకే ముందే చెబుతున్నాను.

నమూనాదే ఆఖరి మాట

కారు తయారయ్యే ముందు దాని నమూనా తయారవుతుంది. 1927లో అమెరికాలోని జనరల్ మోటర్స్ కంపెనీ హార్లీ ఎర్ల్ అనే ఆయనని పిలిచి కార్ల రూపురేఖల కోసమే ఒక విభాగం పెట్టించింది. కొత్త కారు ఎలా ఉండాలో బంకమట్టితో చేసి చూపించే రివాజును ఆ కంపెనీలో పాదుకునేలా చేసింది ఆయనే. మట్టి నమూనా చుట్టూ తిరగొచ్చు, చేత్తో తడమొచ్చు, నచ్చకపోతే గీకేయొచ్చు. కాగితం మీద నక్షాకి ఆ సౌకర్యం లేదు.

అదే కంపెనీకి చెందిన ఫిషర్ బాడీ 1930లో మగపిల్లల కోసం ఒక ముకాబ్లా మొదలుపెట్టింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రబ్బండి నమూనా చేయాలి. తర్వాత పిల్లలు తమ ఖయాల్లో ఉన్న కారుని పన్నెండో వంతు సైజులో చెక్కతోనో ప్లాస్టర్‌తోనో చేసి పంపేవారు. గెలిచిన వాళ్ళకి కాలేజీ చదువుకి వజీఫా. 1968 దాకా ఇది నడిచింది. 1947లో గెలిచిన చక్ జోర్డన్ అనే కుర్రాడు పెద్దయ్యాక అదే జనరల్ మోటర్స్‌లో డిజైన్ విభాగానికి పెద్ద అయ్యాడు. బొమ్మ కారు చేయడం ఉత్త షౌక్ కాదని, అదొక తాలీమ్ అని ఆ కంపెనీకి తెలుసు.

మట్టి నమూనా నుంచి కొలతలు తీసి పెద్ద పెద్ద నక్షాలు గీస్తారు. ఆ నక్షాల నుంచి గట్టి చెక్కతో ఒక పూర్తి సైజు 'మాస్టర్ మోడల్' చేస్తారు. రేకు నొక్కే అచ్చులన్నీ దాన్ని బట్టే తయారవుతాయి. నక్షాకీ చెక్క మోడల్‌కీ తేడా వస్తే ఎవరి మాట చెల్లాలి? చెక్క మోడల్ మాటే. అంటే కోట్లు ఖర్చయ్యే కారు విషయంలో ఆఖరి ఫైసలా ఒక వడ్రంగి ఉస్తాద్ చేతిలో ఉండేది.

ఇది ఇంజనీర్లకి నచ్చలేదు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ డి కాస్టెల్జో 1959లో వంపుల్ని లెక్కల్లోకి దించే పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని బయటికి చెప్పనివ్వలేదు. ఇంచుమించు అదే జమానాలో రెనో కంపెనీలో పియర్ బెజియే అదే దారిలో నడిచి, తన పనిని లోకానికి చెప్పాడు. అందుకే ఇవాళ కంప్యూటర్లో గీసే ఇలాంటి వంపులకి బెజియే పేరే ఉంది. మొదట కనిపెట్టిన వాడి పేరు చాలా ఏళ్ళు చీకట్లోనే ఉండిపోయింది. ఉస్తాద్‌ల పేర్లు పోవడం మన బస్తీల్లోనే జరుగుతుందని అనుకోకండి.

కారుని కొలిచిన వాళ్ళు

వంపు లెక్కల్లోకి దిగింది. మరి ఉన్న కారుని లెక్కల్లోకి దించడం ఎలా? 1972లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో ఐవన్ సదర్లండ్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే విద్యకి ఆయన్ని పెద్ద ఉస్తాద్‌గా చెప్పుకుంటారు. ఆయన తన బేగం నడిపే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుని తెచ్చి నిలబెట్టి, షాగిర్దులకి కొలబద్దలు ఇచ్చాడు. పిల్లలు కారు ఒంటి మీద చుక్కలూ గీతలూ పెట్టి, ఒక్కో చుక్క ఎక్కడుందో చేత్తో కొలిచి కంప్యూటర్‌కి చెప్పారు. ఇలా కంప్యూటర్‌లోకి ఎక్కిన తొలి అసలు వస్తువుల్లో ఆ కారు ఒకటి. ఇవాళ లేజర్ స్కానర్ కొన్ని నిమిషాల్లో చేసే పని అది. ఆ రోజు దాన్ని నడిపించింది సబర్ ఒక్కటే.

జపాన్‌లోని షిజువోకా నగరంలో ఇంకో రకం కొలతగాడు ఉండేవాడు. తమియా కంపెనీ 1946లో ఒక కలప మిల్లుగా మొదలైంది. తర్వాత చెక్క బొమ్మలు, 1960 నుంచి ప్లాస్టిక్ కిట్లు. ఆ కంపెనీని దునియాకి పరిచయం చేసిన షున్సాకు తమియా, పోర్షే 934 రేసు కారు నమూనాని పన్నెండో వంతులో చేయాలనుకున్నప్పుడు జర్మనీ వెళ్ళి ఫోటోలూ కొలతలూ తెచ్చాడు. అది చాలదనిపించింది. ఏకంగా ఒక పోర్షే 911 కొని, బోల్టు బోల్టు విప్పి కొలిపించాడు! ఆ మోడల్ 1976లో బజారుకి వచ్చింది. దాని మీద కట్టిన రిమోట్ కారుతోనే ఆ కంపెనీ రిమోట్ కార్ల కహానీ మొదలైంది.

బీటిల్‌ని డిజైన్ చేసింది ఫెర్డినాండ్ పోర్షే. 911ని కన్నది ఆయన కొడుకు నడిపిన కంపెనీ. ఒకే ఖాందాన్ కార్ల మీద ఒకరు కొలబద్ద పట్టారు, ఇంకొకరు పానా పట్టారు.

ఇలాంటి కిట్లకి కావలసిన ఉక్కు సాంచాలు చెక్కడానికి ఆ రోజుల్లో పాంటోగ్రాఫ్ అనే మెషీన్ వాడేవారు. ముందు కారీగర్ చెక్కతోనో రెసిన్‌తోనో పెద్ద సైజులో నమూనా చేస్తాడు. మెషీన్‌కి ఒక చివర ఉన్న మేకు ఆ నమూనా మీద పాకుతుంటే, ఇంకో చివర ఉన్న కట్టర్ అదే రూపాన్ని చిన్నదిగా ఉక్కులో తవ్వుతుంది. అంటే ప్లాస్టిక్ జమానాలో కూడా మొదటి రూపం ఒక మనిషి చేతి నుంచే వచ్చేది.

పొర మీద పొర

ఆ గొలుసు 1980ల్లో తెగడం మొదలైంది. జపాన్‌లోని నగోయాలో హిదియో కొదామా అనే పరిశోధకుడు, వెలుతురు తగిలితే గట్టిపడే రెసిన్‌ని పొరలు పొరలుగా పేర్చి వస్తువు చేయొచ్చని 1981లో ప్రచురించాడు. కానీ ఆయన పేటెంటు పని పూర్తి కాలేదు. అమెరికాలో చక్ హల్ అదే రకం ఖయాల్‌తో 1983లో ఒక చిన్న కప్పు తయారు చేశాడు. 1984లో దరఖాస్తు పెట్టాడు, 1986లో పేటెంటు దొరికింది. ఆయన మెషీన్‌కి తొలి గిరాకీల్లో కార్ల కంపెనీలు ఉన్నాయి. నెలలు పట్టే నమూనా రోజుల్లో చేతికొస్తుంటే ఎవరు కాదంటారు?

1989లో స్కాట్ క్రంప్ కరిగిన ప్లాస్టిక్ దారాన్ని పొరలుగా పోసే తరీఖాకి దరఖాస్తు పెట్టాడు. అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీలో ఎమాన్యుయెల్ సాక్స్, ఆయన సాథీలు ఇంకో తరీఖా మీద హక్కు కోరారు. పౌడర్‌ని పల్చగా పరచి, కాగితం మీద ఇంకు చల్లే ప్రింటర్ లాగే, కావలసిన చోట మాత్రమే జిగురు చల్లడం. మళ్ళీ పౌడర్, మళ్ళీ జిగురు. చివర్లో పొడి పౌడర్ దులిపేస్తే లోపల వస్తువు ఉంటుంది. 'త్రీడీ ప్రింటింగ్' అన్న మాట ఆ పేటెంటు పేరులో ఉన్నదే.

జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ దగ్గర ఉన్న వోక్సెల్‌జెట్ కంపెనీ ఈ పౌడర్ తరీఖానే పెద్ద ఎత్తున పట్టుకుంది. దాని వీఎక్స్4000 అనే మెషీన్ పెట్టె 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు. మా బస్తీలో చాలా ఇళ్ళ వంటగది అంతకంటే చిన్నది.

ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో పనిచేసే ప్రాప్‌షాప్ అనే నమూనాల కంపెనీ, బాండ్ కారు కోసం ఈ జర్మన్ కంపెనీ దగ్గరికి వెళ్ళింది. మొత్తం మూడు కార్లు, ఒక్కోటి 18 ముక్కలు. అంటే 54 ముక్కలు యాక్రిలిక్ పౌడర్‌లోంచి బయటికి వచ్చాయి. కారు మొత్తం ఒకే ముక్కగా అచ్చు వేయడానికి ఆ మెషీన్‌లో జాగా ఉంది. కానీ తలుపులూ బానెట్టూ తెరుచుకోవాలి కాబట్టి విడివిడిగా చేశారు. తర్వాత మనుషులు వాటిని అతికి, రుద్ది, రంగులేసి, క్రోమ్ మెరుపులు పెట్టి, గుళ్ళ రంధ్రాలు కూడా తమ చేత్తోనే దిద్దారు. సినిమాలో ఒకటి ఖుర్బాన్ అయ్యింది. ఇంకోటి అదే ఏడాది లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో సుమారు 60 వేల పౌండ్లకి పోయింది. నకలుకి అంత ఖీమత్!

మూడో వంతే ఎందుకు, చిన్న బొమ్మ చాలదా అని అడగొచ్చు. అక్కడ ఒక హిసాబ్ ఉంది. కారు సైజు తగ్గించొచ్చు కానీ భూమి ఆకర్షణని తగ్గించలేం. చిన్న ముక్క చిన్న ఎత్తు నుంచి చటుక్కున కింద పడుతుంది, చూసే కన్ను వెంటనే బొమ్మ అని పట్టేస్తుంది. అందుకని కెమెరాని వేగంగా తిప్పి, మామూలు వేగంలో చూపిస్తారు. ఎంత వేగంగా అంటే సైజు తేడాకి వర్గమూలం అంత. మూడో వంతు కారుకి సెకనుకి 24 ఫ్రేముల బదులు సుమారు 42 చాలు. పన్నెండో వంతు బొమ్మకి 83 కావాలి. పైగా మంటా పొగా మన మాట విని చిన్నవైపోవు. బొమ్మ ఎంత పెద్దదైతే అబద్ధం అంత తక్కువ.

మా మామూజాన్ స్కేలు

ఇక మా ఇంటి కిస్సా. మా మామూజాన్ హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్ళకి పైగా ఫౌండ్రీలకి చెక్క ప్యాటర్న్‌లు చేశాడు. పంపు ఒళ్ళు కావాలన్నా, మెషీన్ బేస్ కావాలన్నా ముందు టేకుతో దాని నమూనా చేయాలి. దాన్ని ఇసుకలో నొక్కి తీస్తే గుంట మిగులుతుంది, అందులో కరిగిన బీడు పోస్తారు. ఆయన సంచిలో ఒక వింత స్కేలు ఉండేది. అడుగు అని రాసి ఉంటుంది కానీ అసలు అడుగు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. చిన్నప్పుడు దాంతో నా నోటుబుక్కులో గీతలు గీసి లెక్క తప్పి టీచరు చేత తన్నులు తిన్నాను. మామూజాన్ నవ్వి, "లోహా ఠండా హోకో సుకడ్‌తా బేటా" అన్నాడు. ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందో అంత ముందే పెంచి చేయాలి. ఆ స్కేలులో ఆ హిసాబ్ ముందే కలిపి ఉంది. అల్యూమినియానికి ఇంకో స్కేలు ఉండేది.

పదిహేనేళ్ళ కింద ఆయన పనిచేసే చోట కంప్యూటర్ కట్టింగ్ మెషీన్ వచ్చింది. పని వారానికి మూడు రోజులైంది, తర్వాత పిలవడమే మానేశారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. పనిముట్లకి నూనె రాసి, గుడ్డలో చుట్టి సందూక్‌లో పెట్టాడు. బాండ్ కారుని అచ్చు వేసిన ఆ జర్మన్ కంపెనీకి అసలు వ్యాపారం ఏమిటో తర్వాత తెలుసుకుని కాసేపు ఖామోష్‌గా కూర్చుండిపోయాను. ఫౌండ్రీలకి ఇసుక సాంచాల్ని నేరుగా అచ్చు వేసి ఇవ్వడం. చెక్క ప్యాటర్న్ అవసరమే లేకుండా.

మొదటి త్రీడీ ప్రింటర్లు కార్ల కంపెనీల లాంటి పెద్ద కంపెనీలే కొనగలిగేవి. క్రంప్ పేటెంటు గడువు 2009లో తీరింది. అంతకు ముందే, 2005లో, ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ తన భాగాల్లో చాలావాటిని తానే అచ్చు వేసుకునే మెషీన్ పని మొదలుపెట్టి, నక్షాలన్నీ ముఫ్త్‌గా లోకానికి ఇచ్చాడు. ఆ ఇల్మ్ పంచుకోవడం వల్లే ఇవాళ ఇంజనీరింగ్ చదివే మా భాంజా గదిలో, మంచం పక్కన, ఒక ప్రింటర్ ఉంది.

పోయిన ఏడాది వాడు అదే డీబీ5ని ఎనిమిదో వంతులో చేయాలని కూర్చున్నాడు. పూర్తయితే 57 సెంటీమీటర్ల పొడవు. మెషీన్ చిన్నది కాబట్టి ఒళ్ళు ముక్కలు ముక్కలుగా అచ్చు వేశాడు. కింద చాసిస్‌కి బజార్లో స్టీలు రాడ్లు కొన్నాడు. ముక్కలు రాడ్ల మీద కూర్చోలేదు. 20 సెంటీమీటర్ల ముక్క ఒక మిల్లీమీటరుకి పైగా పొట్టిదైంది. ఫైలు తప్పేమో అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు.

ఆ జుమ్మా రోజు మామూజాన్ భోజనానికి వచ్చాడు. ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది వేడిగా పోస్తదా?" అని అడిగాడు.

"హౌ నానా, 240 డిగ్రీలు."

"మరి చల్లారినంక ముడుచుకోదా?"

వాడు నోరు తెరిచాడు. తర్వాత వెతికితే దొరికింది. వాడు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ వందకి ఒకటి కంటే కాస్త తక్కువ ముడుచుకుంటుంది. మెషీన్‌కి ఫైలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క నింపే గడి కూడా ఉంది. వాడు ఎప్పుడూ దాన్ని ఖాళీగా వదిలేవాడు. ఒక పరీక్ష ముక్క వేసి, కొలిచి, 100.7 అని నింపాడు. ఈసారి రాడ్లు సాఫీగా దూరాయి.

తర్వాత రుద్దే పని. పొరల గీతలు పోవాలంటే పుట్టీ, ప్రైమర్, నీళ్ళ కాగితం, మళ్ళీ ప్రైమర్. ఇందులో మెషీన్ ఏమీ చేయదు. వాడు కళ్ళతో చూసి నునుపైందన్నాడు. మామూజాన్ కళ్ళు మూసుకుని అరచేత్తో బానెట్ మీద నిమిరి రెండు చోట్ల వేలు ఆపాడు. "ఇక్కడ గుంట, ఇక్కడ మిట్ట." రంగు వేసి దీపం కింద పెడితే సరిగ్గా ఆ రెండు చోట్లా వెలుగు వంకర పోయింది. "హాత్ కూ మాలూమ్ హోనా," అన్నాడు. చేతికి తెలియాలి. వాడు రంగు గీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

మెషీన్ వల్ల హునర్ చచ్చిపోలేదు అని రాసి ఇక్కడ ఆపేయడం సులువు. కానీ అది సగం నిజమే. మామూజాన్‌కి తెలిసిన విషయం ఇవాళ కూడా పనికొస్తుంది. ఆయన రోజీ మాత్రం వాపస్ రాలేదు. ఆయన ఇల్మ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గడిగా మారింది, ఆ గడి మీద ఏ ప్యాటర్న్ మేస్త్రీ పేరూ లేదు. నా భాంజా నౌకరీ ఇంటర్వ్యూలో ఆ కారు ఫోటో చూపిస్తాడు. మామూజాన్‌ని ఆ పని గురించి అడిగిన కంపెనీ ఇన్నేళ్ళలో ఒక్కటీ లేదు. ఇందులో ఎవరి తప్పు ఎంతో నేను తేల్చలేను. అయితే 'మెషీన్ వచ్చింది కాబట్టి నీ పని ఖతం' అని ఒక మనిషికి చెప్పేటప్పుడు, వాడి దగ్గర ఏమేం తెలుసో ఒకసారి కూర్చోబెట్టి అడిగి ఉండాల్సింది. ఆ కార్ఖానాలో ఆ మాత్రం ఇజ్జత్ ఇవ్వడానికి ఏమీ ఖర్చు అయ్యేది కాదు.

కారు ఇప్పుడు మా చెల్లె ఇంట్లో టీవీ పక్కన ఉంది. సందూక్ కూడా తెరుచుకుంది. మా భాంజా ఆదివారాలు నోటుబుక్కు పట్టుకుని మామూజాన్ దగ్గర కూర్చుంటున్నాడు. ఏ లోహం ఎంత ముడుచుకుంటుంది, ఇసుకలోంచి చెక్క సులువుగా రావాలంటే గోడకి ఎంత వాలు ఇవ్వాలి, మూలల్ని ఎందుకు గుండ్రం చేయాలి, అన్నీ రాసుకుంటున్నాడు. ఆ వింత స్కేలు అడిగితే మాత్రం మామూజాన్ ఇంకా ఇవ్వలేదు. "పహలే సీఖ్, ఫిర్ దేఖేంగే" అంటున్నాడు.

దోస్తులారా, మీ ఇంట్లోనో గల్లీలోనో పని ఆగిపోయిన ఇలాంటి ఉస్తాద్ ఉంటే, ఈ వారమే వెళ్ళి ఒక గంట కూర్చోండి. వాళ్ళ చేతికి తెలిసినదాన్ని అడిగి రాసుకోండి. కింద పేరు కూడా రాయండి.